యంత్రము మారినను లేఖ నిలువవలె

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అను ఆపరేటింగ్ సిస్టమునకు మైక్రోసాఫ్టు సంస్థ ఇచ్చుచుండిన సాధారణ సంరక్షణ ముగిసినది; ఆఫీసు 2016, ఆఫీసు 2019లకును అదియే తుది దినమైనది. ఆనాడు ఏ కంప్యూటరును ఆగిపోలేదు గాని, చొరబాటులను అరికట్టు భద్రతా సవరణలు మునుపటివలె తమంతట తాము వచ్చుట నిలిచిపోయినది. దాని తరువాతిదైన విండోస్ 11, టీపీఎం 2.0 అను భద్రతా భాగమును, మిక్కిలి పాతది కాని ప్రాసెసరును కోరును గనుక, వ్రాయుటకును చదువుటకును ఇంకను చక్కగా అక్కరకు వచ్చు యంత్రములెన్నో దానికి అర్హములు కాకపోయినవి. కొందరు అదనపు సంరక్షణకై నమోదు చేసికొని ఒక సంవత్సరము గడువు సంపాదించుకొన్నారు; కొందరు పాత యంత్రమునందే లినక్సును నెలకొల్పుకొన్నారు; మరికొందరు ఆపిల్ వారి మ్యాక్ కొనుక్కొన్నారు. ఇట్లు మార్పు చేసికొన్నవారికి మరునాడే ఎదురగు ప్రశ్నము ఒక్కటే: ఇక ఉత్తరము దేనిలో వ్రాయవలెను, వచ్చిన ఉత్తరము దేనిలో చదువవలెను?

రెడ్, అసినిబోయిన్ నదుల సంగమస్థానమున వెలసిన విన్నిపెగ్ నగరమునందలి తెలుగు కుటుంబమొకదాని కంప్యూటరులో ఏమేమి యుండునో తలచుకొన్నచో ఈ ప్రశ్నము ఎంతటిదో తెలియగలదు. మానిటోబా ప్రభుత్వము 1998లో ఆరంభించిన ప్రావిన్షియల్ నామినీ పథకమునకై సమకూర్చుకొన్న కాగితములు, ఉద్యోగముకొఱకు పలుమారులు దిద్దిన రెజ్యూమేలు, గుంటూరునుండియో కరీంనగరమునుండియో తల్లిదండ్రులను రప్పించుకొనుటకు వ్రాసిన ఆహ్వానలేఖలు, ఇంటి అప్పు లెక్కలు, ఉగాది సంబరములకు పోగైన చందాల పట్టికలు, దూరమున నున్న అన్నదమ్ములు ఏండ్లతరబడి వ్రాసిన ఇ-మెయిళ్లు, ఇవన్నియు వర్డు, ఎక్సెలు ఫైళ్లుగాను, అవుట్‌లుక్ పెట్టెలోని ఉత్తరములుగాను పేరుకొనియుండును. కావున ఏ సాఫ్ట్‌వేరు మంచిదని అడుగుటకు ముందే, నా పత్రములు ఏ రూపమున నున్నవి, నా ఉత్తరములు ఎవరి వద్ద నున్నవి అను రెండు సంగతులను తేల్చుకొనుట గృహస్థునకు మొదటి కర్తవ్యము. ఆ రెండును తెలిసినవానికి సాఫ్ట్‌వేరు ఎంపిక సులభము; తెలియనివానికి ఏ ఎంపికయైనను అపాయకరము.

పత్రము వేరు, పత్రమును తెరచు సాధనము వేరు. ఈ భేదమును బోధించు ఉదాహరణ కెనడా దేశ చరిత్రయందే కలదు. ఒట్టావా నగరమున 1985లో మైకేల్ కౌప్లండ్ స్థాపించిన కోరెల్ సంస్థ, ఒకనాడు న్యాయవాదుల కార్యాలయములందు ఎదురులేని వ్రాతసాధనముగా వెలిగిన వర్డ్‌పర్ఫెక్టును 1996లో నోవెల్ సంస్థనుండి కొనుగోలు చేసెను. అంతటితో నిలువక, 1999 నవంబరులో తన స్వంత లినక్సును కూడ విడుదల చేసి, విండోసు లేకయే ఇంటిపనియు ఆఫీసుపనియు జరుగునని నిరూపింపజూచెను. ఆ యత్నము నిలదొక్కుకొనలేదు; 2001లో ఆ లినక్సు జాండ్రోస్ అను మరియొక సంస్థ చేతికి పోయినది. ఐనను, నాడు వర్డ్‌పర్ఫెక్టులో వ్రాసికొన్నవారి ఫైళ్లు అనాథలు కాలేదు. ఆ ఫైళ్ల అంతర్నిర్మాణమును కొందరు ప్రోగ్రామర్లు శ్రమించి గ్రహించి, వానిని తెరచు విధానమును బహిరంగముగా ప్రకటించుటచేత, నేటి లిబ్రె ఆఫీసు వానిని చదువగలుగుచున్నది. సంస్థలు పుట్టును, గిట్టును, చేతులు మారును. ఫైలు నిర్మాణము లోకమునకు తెలిసియున్నంతవఱకు అందలి వ్రాత బ్రతికియుండును.

ఈ వివేకముతోనే 2005లో ఓపెన్ డాక్యుమెంట్ అను ప్రమాణము వెలువడినది. 2006లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ దానిని అంగీకరించినది. ఓడీటీ, ఓడీఎస్ అను తోకలు గల ఫైళ్లు ఆ జాతివి. మైక్రోసాఫ్టు వారి డాక్స్, ఎక్స్ఎల్ఎస్ఎక్స్ రూపములకును 2008లో అట్టి అంతర్జాతీయ ముద్ర లభించినది. కావున, 2007కు పూర్వపు పాత డాక్ ఫైళ్లు మీవద్ద మిగిలియున్నచో, యంత్రము మార్చుటకు ముందే వానిని ఈ రెండింటిలో నొక రూపమునకు మార్చుకొనుట శ్రేయస్కరము.

ఇక సాధనముల మాట. లినక్సునకు మారినవారికి ముందుగా చేతికందునది లిబ్రె ఆఫీసు. జర్మనీలో మార్కో బొర్రీస్ రూపొందించిన స్టార్ ఆఫీసు దీనికి మూలపురుషుడు. 1999లో సన్ సంస్థ దానిని కొని, మరుసటి యేట దాని మూలసంకేతమును ఓపెన్ ఆఫీసు అను పేర లోకమునకు విడుదల చేసెను. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ వశమైనపుడు, దాని భవిష్యత్తునుగూర్చి కలత చెందిన ప్రోగ్రామర్లు వేరుపడి డాక్యుమెంట్ ఫౌండేషన్ నెలకొల్పి, 2011 జనవరిలో లిబ్రె ఆఫీసు తొలి ప్రతిని వెలువరించిరి. వ్రాత, పట్టికలు, ప్రదర్శనలు, మూడును దీనియందు కలవు, రుసుము లేదు, విండోస్, మ్యాక్, లినక్సు మూడింటిమీదను ఒకే తీరున పనిచేయును. గృహకృత్యములలో నూటికి తొంబదిపాళ్లు దీనితో నెరవేరునని నిస్సంకోచముగా చెప్పవచ్చును.

మిగిలిన పదిపాళ్లలో చిక్కులున్నవి. వానిని దాచుట పాఠకునకు ద్రోహము చేయుటయే. వర్డులో అందముగా ఒక పుటలో ఇమిడిన రెజ్యూమే లిబ్రె ఆఫీసులో రెండవ పుటకు జారుట అందరును చూచు విషయము. దీనికి తరచు కారణము ఫాంటు. కాలిబ్రి, కేంబ్రియా ఫాంటులు మైక్రోసాఫ్టు సొత్తు గనుక లినక్సునందుండవు. అక్షరముల వెడల్పులో వానితో సరిగా తూగు కార్లిటో, కాలడియా అను ఉచిత ఫాంటులను పెట్టుకొన్నచో పుట చాలవఱకు యథాస్థానమునకు వచ్చును. ఉద్యోగమునకు పంపు ప్రతిని, యజమాని ప్రత్యేకముగా వర్డు ఫైలునే కోరిననే తప్ప, పీడీఎఫ్‌గా పంపుట మేలు. ఎక్సెలునందు మాక్రోలు వ్రాసికొని జీతములు, పన్నులు లెక్కగట్టువారికిని, పదిమంది సహోద్యోగులతో ఒకే పత్రముపై దిద్దుబాటులు చేయువారికిని మైక్రోసాఫ్టు ఆఫీసే తగినది. మ్యాక్ కొన్నవారు దానిని నేరుగా తెచ్చుకొనవచ్చును. నిజమునకు ఆఫీసు అను ఆ కూటమి 1989లో మొదట అవతరించినదియే మ్యాక్ మీద. లినక్సువారికి దాని పూర్ణరూపము లభింపదు. బ్రౌజరులో తెరచుకొను రూపముతో తృప్తిపడవలెను.

తెలుగువారికి మరియొక పరీక్ష కలదు. క్రొత్త యంత్రమున మన లిపి సరిగా కనబడునా? ఒత్తులు తమ స్థానమున నిలుచునా? ఈ విషయమున విన్నిపెగ్ నగరమునకు తెలుగుజాతి ఋణపడియున్నది. ఆ నగరమును నివాసముగా చేసికొన్న కవి డాక్టరు తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అను పేర్లతో యూనికోడ్ పద్ధతిని అనుసరించు తెలుగు ఫాంటులను రూపొందించి, ఎవరైనను వాడుకొని, పంచుకొనదగు అనుమతితో వానిని లోకమునకు ఇచ్చిరి. పోతన2000, వేమన2000 అను ఆ ఫాంటులు డెబియన్, ఫెడోరా మొదలగు లినక్సు పంపిణీలలో చేరినవి. నేడు విన్నిపెగ్‌లో లినక్సు పెట్టుకొన్న తెలుగు విద్యార్థి, తన యూరివాని అక్షరములనే తెరమీద చూచుకొనగలడు.

యూనికోడ్‌లో వ్రాసిన తెలుగు ఏ యంత్రమునకు పోయినను తెలుగుగానే యుండును. ‘అను’ అను పేరుగలవి మొదలగు పాత ఫాంటులలో కూర్చిన పెండ్లిపత్రికలు, సావనీరు వ్యాసములు అట్లు కావు. వానియందు దాగియున్నది నిజమునకు ఇంగ్లీషు అక్షరముల సంకేతములే గనుక, ఆ ఫాంటు లేని యంత్రమున అర్థములేని గుర్తులుగా కనబడును. వానిని యూనికోడ్‌నకు మార్చు పరికరములు కలవు. ఆ పని పాత యంత్రము ఉన్నపుడే చేయవలెను. లిబ్రె ఆఫీసునందు తెలుగునకు ఫాంటును ఇంగ్లీషు ఫాంటుతో నిమిత్తము లేకుండ వేరుగా ఎంచుకొనవలసియుండును. భాషల అమరికలో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అను గడిని గుర్తించి, అచట తెలుగును ఎన్నుకొన్నచో ఆ సదుపాయము తెరచుకొనును. ఈ ఒక్క గడి తెలియకయే ఎందరో లిబ్రె ఆఫీసునకు తెలుగు రాదని విడిచిపెట్టుచున్నారు.

ఇ-మెయిలు విషయము ఆఫీసు పత్రములకంటె సున్నితమైనది. ఉత్తరములను తెచ్చు మార్గములు రెండు: పాప్, ఐమాప్. పాప్ పద్ధతిలో ఉత్తరము సర్వరునుండి ఇంటి కంప్యూటరునకు దిగును. సర్వరుపై ప్రతి సాధారణముగా మిగులదు. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమాప్ పద్ధతిలో ఉత్తరము సర్వరునందే యుండి, మన యంత్రములన్నిటను ఒకే విధముగా దర్శనమిచ్చును. ఐమాప్ వాడుచున్నవారికి యంత్రము మారుట లెక్కలోనిది కాదు. క్రొత్త సాఫ్ట్‌వేరులో పేరు, రహస్యపదము ఇచ్చినంతనే ఉత్తరములన్నియు వచ్చి చేరును. పాప్ వాడి, ఉత్తరములన్నిటిని అవుట్‌లుక్ వారి పీఎస్‌టీ ఫైలులో దాచుకొన్నవారికే ప్రమాదము. డిస్కును తుడిచి లినక్సు ఎక్కించిన మరుక్షణమున ఆ ఫైలు పోయిన, ఉత్తరములును పోయినట్లే. దీనికి ఉపాయమొకటి కలదు: పాత అవుట్‌లుక్ ఇంకను పనిచేయుచుండగనే అందులో ఐమాప్ ఖాతానొకదానిని చేర్చి, పాత ఉత్తరముల సంచులను దానిలోనికి లాగివేసినచో, అవి సర్వరునకు ఎక్కి, ఏ యంత్రమునుండియైనను అందుబాటులో నుండును.

చదువు సాధనములలో మొజిల్లా వారి కుటుంబమునకు చెందిన థండర్‌బర్డు 2004 డిసెంబరునుండి ప్రజలకు లభించుచున్నది. మూడు ఆపరేటింగ్ సిస్టములమీదను నడచును. దాని ప్రొఫైలు సంచిని విండోసునుండి లినక్సునకు యథాతథముగా తెచ్చుకొనవచ్చును. మ్యాక్ వారికి ఆపిల్ మెయిలు ఉండనే యున్నది. ఉద్యోగస్థలమువారు ఇచ్చు మైక్రోసాఫ్టు ఎక్స్ఛేంజి మెయిలు ఖాతాతో క్యాలెండరును కూడ పొందవలసిన లినక్సు వాడుకరులు ఎవల్యూషన్ అను సాధనమును పరీక్షింపవచ్చును. ఏది ఎన్నుకొన్నను ఒక్క గుణము తప్పక చూడవలెను. 2022లో గూగుల్, మైక్రోసాఫ్టు సంస్థలు కేవలము రహస్యపదముతో ఖాతా తెరచు పాత విధానమును మూసివేయ మొదలిడినవి గనుక, బ్రౌజరులో అనుమతి పొందు ఓఆత్ అను నూతన విధానము తెలిసిన సాధనమే నేడు పనికివచ్చును.

క్రమమునుగూర్చి ఒక మాట. జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రప్రభుత్వము 2024లో సుమారు 30,000 కంప్యూటరులను లిబ్రె ఆఫీసునకు మార్చ నిశ్చయించినది. 2025 అక్టోబరునాటికి 40,000కు మించిన మెయిలుపెట్టెలను ఎక్స్ఛేంజి, అవుట్‌లుక్‌లనుండి ఓపెన్-ఎక్స్ఛేంజి, థండర్‌బర్డులకు తరలించినది. విండోసు స్థానమున లినక్సును నిలుపుట ఆ తరువాతి మెట్టుగా పెట్టుకొన్నది. ఇల్లు మారువారు సామాను ముందు సర్దుకొని పిదప తాళము వేసినట్లు, సాఫ్ట్‌వేరును ముందు అలవరచుకొని ఆపరేటింగ్ సిస్టమును పిదప మార్చుట ఇందలి నీతి. లిబ్రె ఆఫీసును, థండర్‌బర్డును నేటి విండోసుపైననే పెట్టుకొని ఒక నెల వాడినచో, ఏది కుదురునో ఏది కుదురదో పాత యంత్రము సాక్షిగానే తేలిపోవును.

వలసవచ్చినవారు మఱవరాని మినహాయింపు ఒకటి మిగిలినది. కెనడా వలసశాఖ వారి దరఖాస్తులలో కొన్ని పీడీఎఫ్ పత్రములు అడోబ్ రీడరులోనే సరిగా తెరచుకొనునట్టివి. లినక్సునకు అడోబ్ రీడరు నేడు లభింపదు. తల్లిదండ్రుల వీసా పనియో, పౌరసత్వపు పనియో ముందున్నవారు ఇంట ఒక విండోసునో, మ్యాక్‌నో అట్టేపెట్టుకొనుట యుక్తము.

కావున పాఠకులకు నా విన్నపమిది. ముందుగా పత్రములను, ఉత్తరములను వేరొక డిస్కుమీదికి నకలు తీసికొనుడు. మీ పత్రములను ఓపెన్ డాక్యుమెంటు రూపమున దాచుకొని, పరులకు పంపవలసివచ్చినపుడు పీడీఎఫ్‌నో డాక్స్‌నో పంపుడు. మెయిలును ఐమాప్ మార్గమునకు త్రిప్పుడు. తెలుగును యూనికోడ్‌లో మాత్రమే వ్రాయుడు. ఈ నాలుగు పనులు చేసికొన్నవారు రేపు విండోసునుండి లినక్సునకు పోయినను, లినక్సునుండి మ్యాక్‌నకు పోయినను, మరల విండోసునకే తిరిగివచ్చినను, తాము వ్రాసిన ఒక్క పంక్తినైనను కోల్పోరు. ఇంటిలోని పెద్దలకు ఈ పని చేతకాకపోవచ్చును; చేతనైన పిల్లలు వచ్చు ఆదివారము వారి ప్రక్కన కూర్చుండి దీనిని పూర్తిచేయవలయునని కోరుచున్నాను.