స్కాను కాగితంలోని నీటిబుడగలు

ఆ మధ్య నాగిరెడ్డిపేట మండలంలోని ఒక పాలకేంద్రంలో రికార్డుల తనిఖీ ముగించి లేవబోతుండగా, ఒక సభ్యురాలు స్కాను కాగితం చేతికిచ్చింది. "మా బిడ్డ అండాశయంలో నీటిబుడగలున్నయట సారూ. ఆపరేషన్ చేయించాల్నా? రేపు సంబంధాలకొచ్చేటోళ్లకు తెలిస్తె ఎట్ల?" అమ్మాయికి 17 ఏండ్లు. నేను డాక్టరును కాను. డాక్టర్లను అడిగి తెలుసుకున్న సంగతులు సభ్యులకు మనవి చేస్తున్నాను.

ఆవు అండాశయంలో తిత్తి వస్తే పశువైద్యుడు చేయి పెట్టి చూసి సూది వేయడం మనకు తెలుసు. అది సెంటీమీటర్ల లెక్కన పెరిగే పెద్ద బుడగ. ఆడవారికి వచ్చే పి.సి.ఓ.ఎస్. అట్టిది కాదు. స్కానులో కనబడేవి పూర్తిగా ఎదగక ఆగిపోయిన అండపు సంచులు. ఒక్కొక్కటి 2 నుండి 9 మిల్లీమీటర్లే. వాటిని కోసి తీయనక్కరలేదు. లోపం హార్మోన్లలో ఉన్నది. చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయక దాని మోతాదు పెరుగుతుంది, అందువల్ల పురుష హార్మోను ఎక్కువై నెలనెలా అండం విడుదల కాదు. సన్నగా ఉన్నవారికీ ఇది రావచ్చును.

వెన్న శాతం ఒక్కటే చూసి పాల నాణ్యత తేల్చము గదా, ఎస్.ఎన్.ఎఫ్. కూడా చూస్తాము. ఇదీ అంతే. 2003లో రాటర్‌డ్యామ్‌లో నిపుణులు నిర్ణయించిన ప్రకారం మూడింటిలో రెండు ఉండాలి: బహిష్టు 35 రోజులు దాటి రావడం వంటి క్రమం తప్పుట, గడ్డం, పైపెదవి మీద వెంట్రుకలు గాని, రక్తంలో పురుష హార్మోను గాని పెరుగుట, స్కానులో బుడగలు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ దోషాలు కావని కూడా తేలాలి. పెద్దమనిషి అయి 8 ఏండ్లు నిండని పిల్లలకైతే స్కాను లెక్కలోకి తీసుకోరాదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నవి. ఆ వయసులో బుడగలు సహజం. మొదటి రెండు లక్షణాలూ ఉంటేనే జబ్బు. అంటే ఆ తల్లి చేతిలోని కాగితం ఒక్కటే దేనికీ రుజువు కాదు.

అలాగని ఊరుకోవద్దు. నెలల తరబడి బహిష్టు రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. మున్ముందు చక్కెర వ్యాధి భయమూ ఉన్నది గనుక రక్తంలో చక్కెర చూపించాలి. రోజూ వేగంగా నడవడం, బరువుంటే కొంత తగ్గించడం మొదటి వైద్యం. ఫలానా తిండే మేలని రుజువు లేదు. (పాలసంఘం మనిషిని గనుక పాలు తాగమంటున్నానని అనుకోవద్దు!) బహిష్టు క్రమపడడానికి డాక్టర్లు వాడే మాత్రలు కుటుంబ నియంత్రణ మాత్రలే. పెండ్లికాని పిల్లకు అవెందుకని కొందరు తల్లులు పారేస్తున్నారు. అవి ఇక్కడ మందు. కొందరికి మెట్‌ఫార్మిన్ ఇస్తారు. పెండ్లయి పిల్లలు కావలసినవారికి లెట్రోజోల్ మాత్ర ముందు వరుసలోనిది. ఈ జబ్బున్న ఎందరో తల్లులయ్యారు.

రాష్ట్రంలో 2023 మార్చి 8న ఆడవారి కోసమే ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలైంది. బహిష్టు ఇబ్బందులు అందులో చేరినవే. ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి, అవసరమైతే వారే పెద్దాసుపత్రికి పంపుతారు. వెళ్లేటప్పుడు ఆరు నెలల బహిష్టు తేదీలు రాసుకుని పోవాలి. ఆ అమ్మాయి పాలబుక్కు వెనుక పేజీలో రాయడం మొదలుపెట్టింది.