పంక్చర్ మనమే వేసుకుందాం



నా హాబీ సైకిల్. ఆరో తరగతిలో ఉన్నప్పుడు కడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కడం నేర్చుకున్నాను. ఇప్పుడు సీటు మీద కూర్చొని తొక్కుతాను. మనలో చాలామందికి తొక్కడం వచ్చు. కానీ గాలి పోతే ఏం చేయాలో తెలియదు. నాకూ పోయిన సంవత్సరం దాకా తెలియదు.

పోయిన దసరా సెలవుల్లో మా తమ్ముడికి చలిజ్వరం వచ్చింది. సాయంత్రమైంది, ఆటోలు లేవు. ఆసుపత్రి మా ఊరికి 7 కిలోమీటర్లు. మామ సైకిల్ మీద తీసుకుపోదామంటే వెనక టైరులో గాలి లేదు. పంక్చర్ షాపు కూడా ఆసుపత్రి ఉన్న ఊళ్ళోనే ఉంది. నాన్న తమ్ముడిని భుజాన వేసుకొని చీకట్లో నడిచాడు. రక్తం పరీక్ష చేసి మలేరియా అన్నారు. మందులు వాడాక తగ్గింది. కానీ ఆ రాత్రి అమ్మ ఏడుపు నేను మరిచిపోలేదు. ఒక్క ముల్లు వల్ల ఎంత ఆలస్యమైందో చూడండి.

అందుకే వేసవి సెలవుల్లో షాపు తాత దగ్గరికి పోయి నేర్పమన్నాను. "ఆడపిల్లకి ఈ పని ఎందుకే?" అన్నాడు. తమ్ముడి సంగతి చెప్తే ఇంక ఏమీ అనలేదు, పానా చేతికిచ్చాడు. ఆయన నేర్పింది ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు వాల్వు చూడాలి. గాలి కొట్టి, వాల్వు మీద కొంచెం ఉమ్మి తడి పెట్టండి. బుడగ వస్తే లోపలి సన్న రబ్బరు గొట్టం పాడైనట్టు. అది మారిస్తే చాలు. చాలామంది ఇది చూడకుండానే టైరు విప్పుతారు.

2. బుడగ రాకపోతే సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టాలి. చక్రం ఊడదీయక్కర లేదు. గాలంతా తీసి, వాల్వుకి ఎదురు వైపు నుంచి రెండు చెంచాల కాడలతో టైరు అంచు పైకి లేపాలి. స్క్రూడ్రైవర్ పెట్టకూడదు. ట్యూబు చిరుగుతుంది.

3. ట్యూబు బయటికి లాగి, గాలి కొట్టి, బేసిన్ నీళ్ళలో కొంచెం కొంచెంగా ముంచాలి. బుడగలు వచ్చిన చోట తుడిచి పెన్నుతో గుర్తు పెట్టాలి. ఒకటి దొరికిందని ఆపొద్దు, చుట్టూ చూడాలి.

4. టైరు లోపల వేళ్ళతో మెల్లగా తడిమి ముల్లు తీసెయ్యాలి. నేను మొదటిసారి ఇది మరిచాను. అతుకు వేసి తొక్కితే వంద అడుగులు పోకముందే మళ్ళీ గాలి పోయింది. తుమ్మ ముల్లు అందులోనే ఉంది!

5. ట్యూబులో గాలి తీసి, తడి లేకుండా తుడిచి, గరుకు కాగితంతో అతుకు కన్నా ఎక్కువ మేర రుద్దాలి. పాత ట్యూబు ముక్కను గుండ్రంగా కత్తిరించి దాన్నీ రుద్దాలి. మూలలు ఉంటే అక్కడి నుంచి లేస్తుంది. రెండింటికీ సొల్యూషన్ పల్చగా రాసి 5 నిమిషాలు ఆగాలి. సొల్యూషన్ అంటే పెట్రోలు లాంటి ద్రవంలో కరిగిన రబ్బరు. ఆ ద్రవం ఆవిరైపోతేనే రబ్బరు రబ్బరును పట్టుకుంటుంది. పచ్చిగా ఉండగానే అంటిస్తే జారిపోతుంది. తొందర పడేవాళ్ళ పంక్చర్ నిలవదు అని తాత అనేవాడు. పొయ్యి దగ్గర మాత్రం ఈ పని చేయకూడదు, సొల్యూషన్ అంటుకుంటుంది.

6. ఆరినాక అతుకు గట్టిగా నొక్కి రాయితో మెల్లగా కొట్టాలి. మళ్ళీ నీళ్ళలో చూడాలి. ట్యూబు మెలిక పడకుండా కొంచెం గాలి ఉంచి లోపల పెట్టి, టైరును చేతులతోనే ఎక్కించాలి. తర్వాత పూర్తిగా గాలి కొట్టాలి.

గాలి టైరు కథ కూడా చెప్తాను. ఐర్లాండులోని బెల్‌ఫాస్ట్‌లో ఉండే డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడు చక్రాల బండి కుదుపు లేకుండా పోవాలని గాలి టైరు చేశాడు. 1888లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఇంట్లో పిల్లవాడి కోసం చేసిన పని ప్రపంచానికి పనికొచ్చింది.

ఆడపిల్లలకి ఎందుకు అనేవాళ్ళకి ఇంకొక సంగతి. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం జరిగింది. అప్పుడు అక్షరాలతో పాటు వేలమంది ఆడవాళ్ళు సైకిల్ కూడా నేర్చుకున్నారు. సొంతంగా పనులకు, చదువుకు పోయారు. తొక్కడం నేర్చిన మనం బాగుచేయడం నేర్వలేమా?

మన హాస్టల్‌కి కూరగాయలు తెచ్చే సైకిల్‌కి పోయిన నెలలో నేనే పంక్చర్ వేశాను. ఇంతవరకు గాలి దిగలేదు. వంట అన్నని అడగండి!

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. సొల్యూషన్, గరుకు కాగితం, పాత ట్యూబు ముక్క, వాల్వు రబ్బరు, రెండు పాత చెంచాలు ఒక డబ్బాలో పెట్టి, గాలి పంపుతో పాటు హాస్టల్‌లో ఉంచితే బాగుంటుంది. ఇష్టమున్నవాళ్ళు ఆదివారం బట్టలు ఉతుక్కున్నాక బోరింగు దగ్గరికి రండి. నాకు వచ్చింది నేర్పిస్తాను. సెలవులకి ఇంటికి పోయినప్పుడు మీ ఊళ్ళో ఇంకొకరికి మీరు నేర్పించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని