పేరు ఒకరిది, వాయిద్యాలు పదిమందివి

బ్యాండ్‌లో ఉండే కళాకారుడు తన ఒక్కడి పేరుతో రికార్డు తెస్తే దాన్ని సోలో ఆల్బం అంటారు. అందులో పాటా వాయిద్యమూ అన్నీ ఆయనవే అయి ఉంటాయని మనం అనుకుంటాం. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హ్యారిసన్ మొదటి సోలో ఆల్బం ‘వండర్‌వాల్ మ్యూజిక్’లో మాత్రం ఆయన పాడిన పాటంటూ ఒక్కటీ లేదు. అందులో చెప్పుకోదగ్గ భాగం రికార్డయింది బొంబాయిలోనే. దాదర్‌లో దక్షిణం వైపు వెళ్లే లోకల్ ఎక్కి ఆఖరి స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే వచ్చే ఫోర్ట్‌లో, ఫిరోజ్‌షా మెహతా రోడ్డు మీది హెచ్.ఎం.వి. స్టూడియోలో ఆ పని జరిగింది.

డాన్సు పాటలతో సరిపెట్టుకోకుండా శాస్త్రీయ సంగీతాన్నీ, స్టూడియో ప్రయోగాలనీ కలుపుకున్న రాక్ ధోరణిని ఆర్ట్ రాక్ అంటారు. ఈ ఆల్బం ఆ దారిలో తొలి రోజుల్లో వచ్చింది. జో మస్సో అనే దర్శకుడు ‘వండర్‌వాల్’ సినిమాకి సంగీతం అడిగి, ఏం చేసిచ్చినా వాడుకుంటానని మాటిచ్చాడు. హ్యారిసన్ స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కో సన్నివేశం నిడివి కొలిచి, దానికి తగ్గ బాణీలు ఆలోచించాడు. కొంత లండన్‌లో రాక్ వాయిద్యకారులతో చేయించి, 1968 జనవరిలో బొంబాయి వచ్చాడు. అంతకుముందు 1966లో రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకోవడానికి వచ్చింది కూడా ఈ ఊరికే.

ఇక్కడ చిక్కు యంత్రంతో వచ్చింది. స్టూడియోలో ఉన్నది మోనో యంత్రం. ఆ స్టూడియో నడిపే ఇ.ఎం.ఐ. భారతీయ శాఖకు చెందిన భాస్కర్ మీనన్ కలకత్తా నుంచి రెండు ట్రాకుల స్టీరియో యంత్రాన్ని రైల్లో తెప్పించారు. ట్రాకు అంటే టేపు మీద విడిగా ధ్వని నింపుకోగల ఒక వరస. ఆనాటికి లండన్ స్టూడియోలో నాలుగు ఉండేవి కాబట్టి, ముందు తబలా పట్టుకుని తర్వాత సితార్ చేర్చవచ్చు. రెండే ఉంటే అంత వెసులుబాటు లేదు. ఎవరు ఎంత గట్టిగా వినిపించాలో వాయిస్తుండగానే తేల్చుకోవాలి.

గోడలు కూడా బయటి చప్పుడును ఆపలేదు. సాయంత్రం అయిదున్నరకు ఆఫీసులు వదిలితే మెట్ల మీద అడుగుల మోత లోపలికి వచ్చేదనీ, అప్పుడు రికార్డింగు ఆపేవాళ్లమనీ, చెవిపెట్టి వింటే కొన్ని ట్రాకుల్లో టాక్సీల శబ్దం దొరుకుతుందనీ హ్యారిసన్ తర్వాత చెప్పుకున్నాడు.

ఆల్బంలో శివకుమార్ శర్మ సంతూర్, ఆశిష్ ఖాన్ సరోద్, మహాపురుష్ మిశ్రా తబలా ఉన్నాయి. షెహనాయి, తార్‌షెహనాయి వాయించినవారు వేరే. మరి ఇది హ్యారిసన్ ఆల్బం ఎలా అయింది? మన సినిమా పాటలు వినేవారికి ఇది కొత్త సంగతి కాదు. రికార్డు మీద సంగీత దర్శకుడి పేరు ఉంటుంది, వాయించేది ఆర్కెస్ట్రా. ఏ వాయిద్యం, ఎక్కడ, ఎంతసేపు, ఏ టేకు ఉంచాలి అన్న నిర్ణయాలు ఎవరివో రికార్డు వారిది. నలుగురి మాట చెల్లే బ్యాండ్‌లో హ్యారిసన్‌కు దొరకని అధికారం ఇదే. 1968 నవంబరు 1న బీటిల్స్ సొంత రికార్డు సంస్థ ఆపిల్ తొలి ఆల్బంగా ఇది విడుదలైంది. ఆ బొంబాయి రికార్డింగుల్లోనే తయారైన ఒక వాయిద్య భాగం ‘ది ఇన్నర్ లైట్’ పాటయింది. దానికి గొంతులు మాత్రం లండన్‌లో చేర్చారు. అది బీటిల్స్ పాట కాబట్టి అప్పటికే, మార్చిలో, బ్యాండ్ పేరుతో వచ్చింది.

ఈ కొలతతోనే మన పాలకొల్లు మాండలిన్ విద్వాంసుడు యు. శ్రీనివాస్ ‘డ్రీమ్’ని చూడొచ్చు. ఆర్ట్ రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ దాన్ని 1995లో తెచ్చింది. దాని మీద శ్రీనివాస్‌తో పాటు కెనడా గిటారిస్టు, నిర్మాత మైకేల్ బ్రూక్ పేరు కూడా ఉంటుంది. మాండలిన్ ఒకరిదైనా, దాని చుట్టూ ధ్వనిని కట్టింది రెండోవారు. అందుకే అది సోలో కాదు, జంట ఆల్బం.