15 నిమిషాలకోసారి చెక్ చెయ్యమన్నా మెయిల్ లేటుగా ఎందుకొస్తోంది?

ఇలా అనుకోండి. ఇంటర్వ్యూ స్లాట్ మెయిల్ పొద్దున 9 గంటలకి వచ్చింది. 12 లోపు కన్ఫర్మ్ చెయ్యమన్నారు. మీ ఫోన్‌లో అది కనబడింది 1 గంటకి. సెట్టింగ్స్ తెరిచి చూస్తే 15 నిమిషాలకోసారి చెక్ చెయ్యమనే ఉంది. మరి మధ్యలో ఏం జరిగింది? ఈ ఎపిసోడ్‌లో అదే మాట్లాడుకుందాం.

మెయిల్ ఫోన్‌కి చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి పుష్. అంటే మెయిల్ రాగానే సర్వరే ఫోన్‌కి కబురు పెడుతుంది. రెండోది, యాప్ తనే లేచి వెళ్ళి "నాకేమన్నా వచ్చాయా?" అని అడిగి రావడం. పోస్ట్‌మ్యాన్ మనింటికి రావడానికీ, మనం రోజూ పోస్టాఫీసు చుట్టూ తిరగడానికీ ఉన్న తేడా అన్నమాట. ఇంటర్వెల్ సెట్టింగ్ ఈ రెండోదానికే. జీమెయిల్ యాప్‌లో జీమెయిల్ అకౌంట్‌కి పుష్ ఉంటుంది కాబట్టి అక్కడ నిమిషాల లెక్క అడగదు. కాలేజీ వాళ్ళో కంపెనీ వాళ్ళో ఇచ్చిన ఐడీని మామూలు ఐమ్యాప్ పద్ధతిలో కలుపుకున్నప్పుడే "సింక్ ఫ్రీక్వెన్సీ" లాంటి సెట్టింగ్ కనబడుతుంది.

అయితే నిమిషానికోసారి పెట్టేస్తే పోలా? కుదరదు. ఆండ్రాయిడ్‌లో యాప్‌లు ఇలాంటి పనులకి ఎక్కువగా వాడేది వర్క్‌మేనేజర్. అందులో మళ్ళీ మళ్ళీ జరిగే పనికి కనీస గ్యాప్ 15 నిమిషాలు. దీనికి కారణం బ్యాటరీ. 15 నిమిషాలకోసారి అంటే రోజుకి 96 సార్లు లేవాలి. గంటకోసారి అయితే 24 సార్లే. లేచిన ప్రతిసారీ మొబైల్ డేటా రేడియో ఆన్ అవుతుంది. పని ఒక్క సెకనులో అయిపోయినా, ఇంకేమన్నా డేటా వస్తుందేమోనని ఆ రేడియో ఇంకొన్ని సెకన్లు మేలుకునే ఉంటుంది. కొత్త మెయిల్ ఒక్కటీ లేకపోయినా ఛార్జింగ్ మాత్రం పోతుంది! ఇలాంటి యాప్‌లు పది ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు పెట్టిన 15 అనేది ఫోన్ ఇచ్చిన మాట కాదు, మీరు పెట్టుకున్న అర్జీ మాత్రమే. 2015లో ఆండ్రాయిడ్ 6తో డోజ్ అనే ఏర్పాటు వచ్చింది. ఛార్జర్ పెట్టకుండా, స్క్రీన్ ఆపేసి, ఫోన్‌ని కదపకుండా టేబుల్ మీద వదిలేస్తే అది నిద్రలోకి జారుకుంటుంది. బ్యాక్‌గ్రౌండ్ పనులన్నీ ఆపి, మధ్యమధ్యలో కాసేపు లేచి ఒక్కసారిగా చేసేస్తుంది. ఫోన్ అలాగే పడి ఉంటే ఆ మధ్య గ్యాప్‌లు కూడా పెరుగుతూ పోతాయి. 2018లో ఆండ్రాయిడ్ 9 ఇంకో మెలిక పెట్టింది. మీరు ఏ యాప్‌ని ఎంత తరచుగా తెరుస్తున్నారో చూసి గ్రూపులు కడుతుంది. అరుదుగా తెరిచే యాప్‌కి ఛాన్సులూ అరుదుగానే వస్తాయి. కాలేజీ మెయిల్ యాప్ నెలకోసారి తెరిచేవాళ్ళకి అర్థమైందిగా?

మరి ఏం చెయ్యాలి? ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్ళి, ఆ మెయిల్ యాప్ తెరిచి, బ్యాటరీ దగ్గర "అన్‌రిస్ట్రిక్టెడ్" పెట్టండి. కొన్ని ఫోన్లలో పేరు వేరేగా ఉంటుంది. ఇది ఆ ఒక్క యాప్‌కే చెయ్యండి, అన్నిటికీ పెట్టేస్తే సాయంత్రానికి ఛార్జర్ వెతుక్కోవాలి. వాతావరణం, న్యూస్ లాంటివాటికి గంట, రెండు గంటల గ్యాప్ పెట్టినా కొంపలేం మునగవు.

ఐఫోన్ వాళ్ళు మెయిల్ సెట్టింగ్స్‌లో "ఫెచ్ న్యూ డేటా" చూడండి. అందులో "ఆటోమేటికల్లీ" అని ఉంటే జాగ్రత్త. పేరు బాగుంది గానీ, ఫోన్ ఛార్జింగ్‌లో ఉండి, వైఫైకి కలిసి ఉన్నప్పుడే అది బ్యాక్‌గ్రౌండ్‌లో మెయిల్ తెస్తుంది. బస్సులో ఉన్నప్పుడు రాదు. 15 నిమిషాలకి మార్చుకోండి.

ఇంటర్వ్యూల సీజన్‌లో అయితే నేను చెప్పేది ఇంకోటి: ఇంటర్వెల్‌ని నమ్ముకోకుండా పుష్‌కి మారిపోండి. మీ యాప్‌లో ఆ ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్యండి. లేకపోతే, కాలేజీ ఒప్పుకుంటే ఆ మెయిల్స్‌ని మీ జీమెయిల్‌కి ఫార్వర్డ్ పెట్టుకోండి. పెట్టాక ఫ్రెండ్ చేత ఒక టెస్ట్ మెయిల్ పంపించుకుని, స్క్రీన్ ఆపేసి, ఎన్ని నిమిషాలకి మోగిందో చూడండి.