త్రాటికి తొలిస్నానం

1865 జూలై 14వ తేదీన ఆల్ప్స్ పర్వతశ్రేణిలోని మాటర్‌హార్న్ శిఖరాన్ని ఎడ్వర్డ్ వింపర్ బృందం మొట్టమొదటిసారిగా అధిరోహించింది. వారు ఏడుగురు. ఒకే వరుసగా త్రాటితో కట్టుకొని దిగివస్తుండగా ఒకనికి కాలు జారింది. అతనితోపాటు మరి ముగ్గురు పట్టు తప్పారు. పైనున్న ముగ్గురు నిలదొక్కుకున్నారు కాని త్రాడు నిలువలేదు. అది తెగి నలుగురూ అగాధంలో పడి మరణించారు. బృందంవద్ద అంతకంటె గట్టి త్రాళ్లు లేకపోలేదు. తెగినది వాటిలో అతి బలహీనమైనది. దాని ముక్క నేటికీ స్విట్జర్లాండులోని జెర్మాట్ ప్రదర్శనశాలలో ఉంది.

నాటి త్రాళ్లు నారతో పేనినవి. 1935లో అమెరికాలో వాలేస్ కారొదర్స్ నైలాన్‌ను కనుగొన్న తరువాత త్రాటి స్వరూపమే మారింది. 1953లో జర్మనీలో నూతన నిర్మాణం వెలసింది. లోపల బరువు మోసే పోగుల సముదాయం, దానిపై దట్టంగా అల్లిన తొడుగు. నేడు పర్వతారోహకులు వాడేది ఇటువంటి త్రాడే. కొండ ఎక్కేవాడు పడిపోతే త్రాడు సాగి ఆ కుదుపును తనలో ఇముడ్చుకోవాలి. గుహలోకి దిగేవాడు త్రాటిని పట్టుకొనే దిగి, త్రాటిమీదనే పైకి వస్తాడు. కనుక గుహలకు వాడే త్రాడు ఎక్కువగా సాగరాదు.

గుహాన్వేషకులు కొత్త త్రాటిని కొన్న వెంటనే వాడరు. ముందుగా ఒక పగలు, ఒక రాత్రి చన్నీటిలో నానవేస్తారు. కొత్త వస్తువును ఉతకడమేమని ఆశ్చర్యం కలుగవచ్చు. తయారీలో పోగులు యంత్రాలలో సులువుగా జారేందుకు వాటికి ఒక స్నిగ్ధ ద్రవ్యం పూస్తారు. నానినప్పుడు అది కొంత వదలిపోతుంది. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. నీరు తగిలిన నైలాన్ ముడుచుకొంటుంది. తొడుగు లోపలి పోగులను బిగించి పట్టుకొని, దిగేటప్పుడు వాటిమీద జారకుండా ఉంటుంది. ఆ బిగింపుతోపాటే త్రాడు పొడవూ తగ్గుతుంది.

ఈ తగ్గుదల నూటికి ఐదు వంతులనుకొందాం. చీటీమీద 60 మీటర్లని వ్రాసి ఉన్న త్రాడు ఆరిన తరువాత 57 మీటర్లే ఉంటుంది. గుహలోని నిలువు బావి లోతు 59 మీటర్లయితే? చీకటిలో త్రాటి కొస ఎక్కడ ఉన్నదో పైనుండి కనబడదు. చీటీని నమ్మి దిగినవాని చేతిలోనుండి త్రాడు జారిపోయిన తరువాత చేయగలిగినదేమీ లేదు. అందుచేతనే నీడలో ఆరిన త్రాటిని తిరిగి కొలిచి, కొత్త పొడవును కొసన గుర్తిస్తారు. దిగే ముందు ఆ కొసకు లావైన ముడి వేయడం కూడా ఆచారం. ముడి ఉంటే దిగే సాధనం అక్కడ ఆగిపోతుంది.

వాడిన త్రాటిని ఉతికే పద్ధతి కష్టమైనది కాదు. చన్నీరు గాని గోరువెచ్చని నీరు గాని, సున్నితమైన సబ్బు చాలు. తెలుపుచేసే రసాయనాలు పనికిరావు. ఎండ నైలాన్‌కు శత్రువు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పోగులను క్రమంగా బలహీనపరుస్తాయి. మన భువనగిరి ఏకశిలపై సాధన చేసేవారు దీనిని మరువరాదు. 2014 మే 25న, 13 ఏండ్ల వయసులో ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందినది అక్కడే. బండమీది ఇసుక కూడా ప్రమాదకరమే. త్రాటిని కాలితో త్రొక్కితే తొడుగు సందులనుండి ఇసుకరేణువులు లోపలికి దూరి, బరువు పడినప్పుడల్లా పోగులను కోస్తాయి. కారు వెనుక పెట్టెలో బ్యాటరీ ప్రక్కన త్రాటిని ఉంచడం మరింత ప్రమాదం. ఆమ్లం తగిలిన నైలాన్ చూపునకు ఎప్పటివలెనే ఉండి, బరువు పడగానే తెగవచ్చు. వేదాంతులు చెప్పే రజ్జుసర్పభ్రాంతిలో త్రాడు పామై తోస్తుంది. ఇక్కడ పాము త్రాడై తోస్తుంది!

కన్ను కనిపెట్టలేని దానిని వ్రేళ్లు కొంతవరకు కనిపెట్టగలవు. అందువల్ల ప్రతి ప్రయాణం తరువాత త్రాటిని మూర మూరగా వ్రేళ్లతో తడిమి చూస్తారు. మెత్తబడిన చోటు, గట్టిపడిన చోటు, పోగులు చిట్లిన చోటు ఉన్నదేమో గమనిస్తారు. కొన్న తేదీ, వాడిన దినాలు, పట్టిన పతనాలు ఒక పుస్తకంలో వ్రాసుకొంటారు. ఒక్కసారి కూడా వాడకపోయినా, సాధారణంగా పదేండ్లు నిండిన నైలాన్ త్రాటిని నమ్మరు. పనికిరాదని తేలిన త్రాటిని మూలకు పడవేయక ముక్కలుగా కోసివేస్తారు. లేకుంటే ఆ సంగతి ఎరుగని మరొకడు దానిని భుజాన వేసుకొని కొండకు బయలుదేరవచ్చు.