పాతాళం నుంచి తిరిగొచ్చిన రాళ్లు

లద్దాఖ్‌లోని సో మోరీరి సరస్సు దగ్గర కనిపించే కొండరాళ్లు ఒకప్పుడు 90 కిలోమీటర్ల లోతుకు వెళ్లొచ్చినవి! సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత ఖండం ఆసియాను ఢీకొన్నప్పుడు మన ఖండం ముందంచు దాని కిందికి దూరిపోయింది. కోటి ఏళ్లు తిరక్కముందే అందులో కొంత భాగం చాలా దూరం పైకి వచ్చేసింది. సాక్ష్యం కోయసైట్. అందులోనూ ఉండేది పలుగురాయి పదార్థమే, కాకపోతే అంతటి ఒత్తిడిలోనే ఆ రూపం దాలుస్తుంది. పైకొచ్చే దారిలో మామూలు పలుగురాయిగా మారిపోవాల్సిన ఆ కణాలు గట్టి గార్నెట్ గింజల్లో చిక్కుకుని మిగిలాయి.

ఇలా పైకి ఉబ్బినవే నైస్ గుమ్మటాలు. నైస్ అంటే వేడికీ ఒత్తిడికీ రూపం మారి నలుపు తెలుపు చారలు తేలిన రాయి. ఖండాలు గుద్దుకున్నచోట భూమి పైపొర దాదాపు రెట్టింపు మందమవుతుంది. టిబెట్ కింద అది 70 కిలోమీటర్ల దాకా ఉంది. రాళ్లలోని యురేనియం, థోరియం, పొటాషియం పుట్టించే వేడి బయటికి పోలేక కోట్ల ఏళ్లు పోగవుతుంది. 700 డిగ్రీలకు అటూఇటుగా రాయి కొంత కరిగి మెత్తబడుతుంది, తేలికవుతుంది. నదులు పైనున్న రాతిని కోసేసినా, పైపొర సాగి పలచబడినా అక్కడే పూరీలా పొంగుతుంది. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి ఇంకా కరుగుతుంది కాబట్టి, మొదలైన పొంగు ఒక పట్టాన ఆగదు.

వీటి గుట్టు విప్పినవారిలో ముందు చెప్పుకోవాల్సింది ఫిన్లాండ్ శాస్త్రవేత్త పెంటి ఎస్కోలాను. అక్కడి కువోపియో గుమ్మటాల నడుమ ఉన్న రాయి వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. దాన్ని పొంగించిన తాకిడి మాత్రం సుమారు 190 కోట్ల ఏళ్ల కిందటిది. రాయి పుట్టుక వేరు, గుమ్మటం పుట్టుక వేరు అని ఆయన 1949లోనే వివరించారు. రాళ్ల వయసు కొలిచే పద్ధతులు ఇంకా కుదురుకోని రోజులవి. ఈ విశేషాలన్నిటిలో నాకు గొప్పగా తోచేది ఆ చూపే.

కోయసైట్ దొరికిన రాళ్లలో బాగా చిన్నవి పాపువా న్యూగినీ దగ్గరి డాంట్రకాస్టో దీవుల్లో ఉన్నాయి. వయసు సుమారు 80 లక్షల ఏళ్లే! అక్కడి గుడెనఫ్ దీవి గుమ్మటం సముద్రంలోంచి 2,536 మీటర్లు లేచి నిలబడింది.

ఎత్తులో హిమాలయాల్లోని నంగా పర్బత్‌ది పైచేయి: 8,126 మీటర్లు. పక్కనుంచే పారే సింధునది కోతతో పైబరువు తగ్గుతుంటే లోపలి నైస్ పైకి తోసుకొస్తోంది. 180 కోట్ల ఏళ్ల ఆ నైస్‌లోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన గ్రానైట్‌లో కొంత వయసు కేవలం 10 లక్షల ఏళ్లు.