రెండు లక్షల బాండు: భయమెంత, నిజమెంత

ఉద్యోగం మానేసిన రెండు మూడు నెలలకు ఇంటికి లాయరు కవరు వస్తుంది. 'మా క్లయింటు కంపెనీలో రెండేళ్లు పనిచేస్తానని బాండు రాసి, తొమ్మిది నెలలకే వెళ్లిపోయారు. ఈ నోటీసు అందిన 15 రోజుల్లో రెండు లక్షలు చెల్లించండి. లేకుంటే సివిల్, క్రిమినల్ చర్యలు తప్పవు' అని అందులో ఉంటుంది. మల్కాజ్‌గిరిలో ఆనంద్‌బాగ్, మీర్జాలగూడ, సఫిల్‌గూడ వైపు ఏ వీధిలో చూసినా రైల్వేలోనో, డిఫెన్సులోనో పనిచేసి రిటైరైనవాళ్లు కనిపిస్తారు. సర్వీసంతా మెమో అంటేనే ఉలిక్కిపడుతూ గడిపిన ఆ తండ్రులు కవరు చూడగానే 'పోనీ, కట్టేద్దాం' అంటారు. మాదాపూర్ హాస్టల్లో ఉండే కొడుకు స్నేహితులేమో 'బాండు చెల్లదురా, చింపి పారెయ్' అంటారు. ఇద్దరి మాటా వినాల్సిన పని లేదు.

అపోహ: ఉద్యోగ బాండుకు చట్టంలో విలువే లేదు.

ఈ నమ్మకానికి మూలం 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్. ఒకరి వృత్తినీ వ్యాపారాన్నీ అడ్డుకునే ఒప్పందం చెల్లదని అది చెబుతుంది. కానీ ఆ సెక్షన్ ముఖ్యంగా కాపాడేది ఉద్యోగం వదిలాక మన స్వేచ్ఛను. 'మానేశాక రెండేళ్లపాటు మా పోటీ కంపెనీలో చేరకూడదు' అనే షరతు కోర్టులో నిలవదు. 'ఇన్నేళ్లు పనిచేస్తాను, మధ్యలో మానేస్తే ఇంత ఇస్తాను' అనేది వేరే సంగతి. ఉద్యోగకాలానికి పరిమితమైన షరతులు తప్పు కాదని సుప్రీంకోర్టు 1967లోనే, సెంచరీ స్పిన్నింగ్ కంపెనీ కేసులో చెప్పింది.

2025 మే 14న విజయా బ్యాంకు కేసులో మళ్లీ అదే తేల్చింది. మూడేళ్ల బాండు రాసిన ఒక సీనియర్ మేనేజరు 2009లో మరో బ్యాంకులో చేరడానికి రాజీనామా చేసి, అభ్యంతరం తెలుపుతూనే రెండు లక్షలు కట్టి, తర్వాత కోర్టుకెళ్లాడు. కర్ణాటక హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి బాండు చెల్లుతుందంది. హెచ్‌ఆర్ వాళ్లు ఇంతవరకే చెబుతారు. అదే తీర్పులో ఇంకో మాట ఉంది. కంపెనీ ముందే అచ్చు వేయించి సంతకం పెట్టించే ఒప్పందంలో రెండు పక్షాల బలం సమానం కాదనీ, షరతు ప్రజాహితానికి విరుద్ధమని ఉద్యోగి అంటే, కాదని రుజువు చేయాల్సిన బాధ్యత యజమానిదేననీ చెప్పింది.

మరికొందరు బాండు వెట్టిచాకిరీ చట్టం కిందికి వస్తుందని వాదిస్తారు. 1976 నాటి ఆ చట్టం పుట్టింది అప్పు తీర్చలేక తరతరాలుగా పాలేరుతనం చేసినవాళ్ల కోసం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నోటీసుకిచ్చే జవాబులో ఆ మాట వాడితే నవ్వులపాలవుతాడు.

అపోహ: బాండులో రాసినంతా కట్టాల్సిందే.

తండ్రుల భయమంతా ఈ అంకె దగ్గరే. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాసుకున్న మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమే. అంతకు మించకుండా, సమంజసమైన పరిహారమెంతో కోర్టు తేలుస్తుంది. అసలు నష్టమే జరగకపోతే పరిహారమన్న ప్రశ్నే రాదని సుప్రీంకోర్టు 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో స్పష్టం చేసింది. కాబట్టి 'మీరు మానేశారు, కట్టండి' అన్నంత మాత్రాన సరిపోదు. 'నీ కోసం ఇంత ఖర్చు పెట్టాం, నువ్వు వెళ్లిపోవడంతో ఇంత పోయింది' అని కంపెనీ చూపించాలి.

దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. సికింద్రాబాద్ ఎస్.పి.రోడ్డులో మేఫేర్ సెంటర్ చిరునామాతో నడిచిన సత్యం కంప్యూటర్స్ తన మాజీ ఉద్యోగి మీద ఇలాంటి కేసే నడిపింది. 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రెండు లక్షల మొత్తాన్ని లక్షకు తగ్గించింది. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు తేల్చిన సిక్పా ఇండియా కేసు లెక్క మరీ ముచ్చటైనది. అక్కడా బాండు రెండు లక్షలే, గడువు మూడేళ్లు. ఉద్యోగి రెండేళ్లు పనిచేశాడు. అతని శిక్షణకు కంపెనీ చూపించిన ఖర్చు 67,595 రూపాయలు. మూడేళ్లలో రెండేళ్లు పని జరిగింది గనుక మిగిలిన మూడో వంతు, అంటే 22,532 రూపాయలు ఇప్పించింది. అడిగినదానిలో ఎనిమిదో వంతు కూడా లేదు.

మరి విజయా బ్యాంకుకు మొత్తం రెండు లక్షలూ ఎలా దక్కాయి? ప్రభుత్వరంగ బ్యాంకు నచ్చినవాణ్ణి పిలిచి కూర్చోబెట్టలేదు. ప్రకటన ఇచ్చి, పోటీ పెట్టి, రాజ్యాంగం చెప్పిన సమాన అవకాశ సూత్రాన్ని పాటిస్తూ మళ్లీ నియామకం జరపాలి. ఆ ఖర్చూ శ్రమా నిజమైనవని కోర్టు గుర్తించింది. మేనేజరు హోదాలో మంచి జీతం తీసుకునేవాడికి రెండు లక్షలు మోయలేని భారం కాదనీ అంది. ఒక్క ఫోన్‌తో కన్సల్టెన్సీ నుంచి వారంలో కొత్త ఫ్రెషర్ని తెచ్చుకునే ప్రైవేటు కంపెనీ ఇదే తీర్పు చూపించి మొత్తమూ అడిగితే, ఆ పోలికను గట్టిగా ప్రశ్నించవచ్చు. చేరిన మొదటి వారం చూపించిన స్లైడ్లూ, సీనియర్ పక్కన కూర్చోబెట్టి నేర్పిన పనీ 'ప్రత్యేక శిక్షణ' అనిపించుకుంటాయని నేననుకోను. బయటి సంస్థకు ఫీజు కట్టారా, విదేశాలకు పంపారా, సర్టిఫికేషన్ ఇప్పించారా? ఆ బిల్లులుంటే కంపెనీ వాదనకు బలమొస్తుంది.

అపోహ: నోటీసు అంటే కేసు పడ్డట్టే.

నోటీసు లాయరు రాసిన ఉత్తరం. దాని మీద కోర్టు ముద్ర ఉండదు, అందులోని 15 రోజుల గడువు కోర్టు పెట్టింది కాదు. అలాగని అటక మీద పడేయకూడదు. ఒప్పందం ఉల్లంఘించాక దావా వేయడానికి కంపెనీకి మూడేళ్ల గడువుంటుంది. ఆరు నెలలు చప్పుడు లేదు కదా అని మరిచిపోయినవాళ్లకు తర్వాత సమన్లు వస్తాయి. సమన్లు వచ్చాక కథ వేరు. మామూలు దావాలో 30 రోజుల్లో రాతపూర్వక జవాబు వేయాలి, కోర్టు ఒప్పుకుంటే 90 రోజులదాకా. రాతపూర్వక ఒప్పందముంది గనుక కొన్ని కంపెనీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 37 కింద సమ్మరీ దావా వేయాలని చూస్తాయి. అందులో హాజరు తెలపడానికి ఉండేది 10 రోజులే. ఇల్లు మారి పాత చిరునామాకు వచ్చిన కవరు తిప్పి పంపితే, మన వాదన వినకుండానే డిక్రీ అయిపోయే ప్రమాదముంది.

అపోహ: పోలీసులు పట్టుకుంటారు, సిబిల్ పాడవుతుంది, పాస్‌పోర్టు ఆగుతుంది.

బాండు ఉల్లంఘన సివిల్ వ్యవహారం. సంతకం పెట్టే రోజునే మోసగించే ఉద్దేశం ఉందని చూపిస్తే తప్ప చీటింగ్ కేసు నిలవదు, మంచి అవకాశం వచ్చి మానేయడం మోసం కాదు. సిబిల్‌కు సమాచారమిచ్చేవి బ్యాంకులూ రుణ సంస్థలూ, మీ పాత కంపెనీ కాదు. పాస్‌పోర్టు సంగతి చెప్పనే అక్కర్లేదు.

కానీ ఒక మినహాయింపుంది, అది చిన్నది కాదు. చేరేటప్పుడు సంతకం పెట్టి ఖాళీ చెక్కు ఇచ్చారా? కంపెనీ దాని మీద రెండు లక్షలు రాసి బ్యాంకులో వేసి, అది బౌన్సయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద క్రిమినల్ కేసు పడుతుంది. నోటీసు అందిన 15 రోజుల్లో చెల్లించకపోతే కేసు పెట్టవచ్చు, రెండేళ్ల దాకా జైలు, చెక్కుకు రెట్టింపు దాకా జరిమానా. ఇక్కడ 15 రోజులు చట్టం పెట్టిన గడువే. ఖాళీగా ఇచ్చాననడం ఒక్కటే రక్షణ కాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ఒప్పుకునే బాకీ అసలు లేదని మనమే చూపించుకోవాలి. బాండు నోటీసును తాపీగా చూడొచ్చు గానీ, చెక్కు నోటీసు వచ్చిన రోజే వకీలు దగ్గరికి వెళ్లాలి.

'సంతకం పెట్టింది వాడు, నాకేం సంబంధం' అనే తండ్రులూ ఉన్నారు. ష్యూరిటీగా సంతకం చేసి ఉంటే సంబంధముంది. జామీనుదారు బాధ్యత అసలు వ్యక్తి బాధ్యతతో సమానమని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ అంటుంది. కొడుకు అమెరికాలో ఉంటే కంపెనీ దావా తండ్రి మీద కూడా వేస్తుంది.

అపోహ: బాండు తేలేదాకా జీతం, సర్టిఫికెట్లు, పీఎఫ్ ఆపే హక్కు కంపెనీకుంది.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినవారికి రావాల్సిన వేతనం రెండు పని దినాల్లో చెల్లించాలి. పీఎఫ్ సొమ్ము ఉద్యోగిది, బాకీ కోసం దాన్ని జప్తు చేయడానికి చట్టం ఒప్పుకోదు. డిగ్రీ మెమోలు తాకట్టు వస్తువులు కావు. వాటిని అట్టిపెట్టుకున్న కంపెనీకే ముందు మీరు నోటీసు ఇవ్వవచ్చు. రిలీవింగ్ లెటర్ దగ్గర మాత్రం మన చెయ్యి కింద ఉంటుంది, కొత్త కంపెనీ వెరిఫికేషన్ దానికోసం అడుగుతుంది గనుక. చాలామంది ఎంతోకొంత ఇచ్చి రాజీ పడేది చట్టానికి భయపడి కాదు, ఈ ఒక్క కాగితం కోసమే.

అమెరికాలో మనవాళ్లు నడిపే కన్సల్టెన్సీల బాండ్లకూ కొంత ఇదే న్యాయం. హెచ్-1బీ ఉద్యోగి ముందే వెళ్లిపోయాడని జరిమానా వసూలు చేయడం అక్కడి ఫెడరల్ చట్టం నిషేధించింది. నిజమైన నష్టానికి ముందే కట్టిన సమంజసమైన అంచనాకు మాత్రమే చోటుంది.

ఇక నోటీసుకు జవాబు. వకీలు చేత ఒక పేజీ రాయిస్తే చాలు. డబ్బు బాకీ ఉన్నట్టు ఎక్కడా ఒప్పుకోవద్దు, హెచ్‌ఆర్‌కు వాట్సాప్‌లో 'వాయిదాల్లో కడతాను సార్' అని అసలే పెట్టొద్దు. మీరు పనిచేసిన నెలలు చెప్పి, శిక్షణ ఖర్చు బిల్లులు అడగండి. జీతం బకాయిలుంటే అంకెతో సహా రాయండి. రాజీనామా మెయిల్, జీతం స్లిప్పులు, ఆఫర్ లెటర్ కాపీలు దాచుకోండి. బాండులో కోర్టు ఏ ఊరిదో చూడండి. 'బెంగళూరు కోర్టులే' అని ఉంటే మల్కాజ్‌గిరి కోర్టులో తేల్చుకుందామన్న ఆశ పెట్టుకోవద్దు, ఉద్యోగ ఒప్పందాల్లో అలాంటి షరతు చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంది. ఆర్బిట్రేటర్‌ను కంపెనీ ఎండీయే నియమిస్తాడని ఉంటే మాత్రం అభ్యంతరం చెప్పండి. వివాదంలో స్వార్థమున్నవాడు ఒక్కడే ఆర్బిట్రేటర్ని ఎంచుకోకూడదని 2019లోనే తీర్పుంది.

వకీలు ఫీజు మోయలేమనుకునేవాళ్లు న్యాయసేవాధికార సంస్థకు 15100 నంబరులో ఫోన్ చేయవచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీల వంటి కొన్ని వర్గాలకు ఆదాయంతో పని లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితిని బట్టి అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.